సెకండ్ల లోలకం ఇంట్లో కట్టి చూడటం ఎలా? నెల్లూరు, ఒంగోలు లెక్కలతో

సెకండ్ల లోలకం పొడవెంత అని ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన వాళ్లనెవరినైనా అడగండి. "మీటరు" అని ఠక్కున చెప్పేస్తారు. ఇంకాస్త గుర్తున్నవాళ్లు "99.4 సెంటీమీటర్లు" అంటారు. రెండూ మన ఊరికి నప్పవు. 99.4 అనేది పారిస్, లండన్ లెక్క. నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా గుండు సరిగ్గా సెకనుకు ఒక ఊపు ఊగాలంటే పొడవు 99.13 సెంటీమీటర్లు ఉండాలి. నిండు మీటరు కట్టి దాన్నే గడియారంగా నమ్ముకుంటే రోజుకు ఆరు నిమిషాలకు పైగా వెనకబడిపోతాం.

ఈ 99.13ని నా మాట మీద నమ్మాల్సిన పని లేదు. ఒక ఇనుప గుండు, గజంన్నర దారం, వడ్రంగులు వాడే స్టీలు టేపు, చేతిలో ఫోను ఉంటే సెలవు రోజు పొద్దున్నే మీరే తేల్చుకోవచ్చు. ప్రాక్టికల్స్ రికార్డులో రాసే పద్ధతికీ దీనికీ కొంచెం తేడా ఉంటుంది. అక్కడ ముందే తెలిసిన జవాబు రాబట్టాలని చూస్తారు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు.

ముందు తెలిసి ఉండాల్సిన లెక్క

గుండు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తే ఒక ఊపు. వెళ్లి తిరిగొస్తే ఒక డోలనం. సెకండ్ల లోలకంలో సెకను పట్టేది ఊపుకు. డోలనానికి రెండు సెకన్లు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డోలనానికి సెకను అనుకుని కడితే పొడవు 25 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది, అది అర సెకను లోలకం.

ఊగడానికి పట్టే కాలం లోలకం పొడవు మీద, ఆ చోట భూమి లాగే బలం మీద ఆధారపడుతుంది. గుండు బరువుతో పని లేదు. ఎంత దూరం లాగి వదిలామన్నది కూడా, కొద్దిగా లాగినంతవరకు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆ "పెద్దగా" అన్న దగ్గర ఒక మెలిక ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. సెకండ్ల లోలకానికైతే సూత్రం చాలా తేలిక. మీ ఊరి గురుత్వ త్వరణాన్ని 'పై' వర్గంతో, అంటే 9.8696తో భాగిస్తే పొడవు మీటర్లలో వచ్చేస్తుంది. నెల్లూరు అక్షాంశానికి లెక్కగడితే గురుత్వ త్వరణం 9.7835. భాగించి చూడండి, 0.9913 వస్తుంది. ఒంగోలు ఇంకో డిగ్రీ ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ 9.7840. దానివల్ల లోలకం పొడవులో వచ్చే తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఎక్కడివాళ్లైనా ఇదే అంకె వాడుకోవచ్చు.

మరి బడిలో 9.81 అని చెప్పారే అంటారేమో. అది యూరప్ అక్షాంశాలకు దగ్గరగా ఉండే అంకె. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది, పైగా నడుము దగ్గర ఉబ్బి ఉంది. అందుకే భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ లాగుడు తగ్గుతుంది. ఈ తేడాను మొదట పట్టించింది లోలకమే. రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1672లో దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగ్గా నడిచే లోలకం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా కురచ చేస్తే గానీ దారికి రాలేదు. 1687లో న్యూటన్ భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుందని వాదించినప్పుడు ఈ కొలతను సాక్ష్యంగా తీసుకున్నాడు.

మన వైపు కూడా ఈ పని జరిగింది. మద్రాసు అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హామ్ 1821లో లోలకం ప్రయోగాలు చేసి, సెకండ్ల లోలకం పొడవు 39.03 అంగుళాలకు దగ్గరగా ఉందని తేల్చాడు. సెంటీమీటర్లలోకి మారిస్తే 99.1 పైచిలుకు. రెండు శతాబ్దాల కిందటి ఆ అంకె నెల్లూరుకు ఇప్పటికీ సరిపోతుంది.

వేలాడదీసే చోటు

లోలకం అనగానే చాలామంది కళ్లు పైకప్పుకున్న ఉయ్యాల కొక్కెం మీదికి పోతాయి. దాన్ని వదిలేయండి. కొక్కెం మీద దారం ముడి అటూ ఇటూ దొర్లుతుంది, అంటే ఊగే బిందువు ఒక చోట నిలవదు. బిందువు మిల్లీమీటరు కదిలితే రోజుకు 44 సెకన్లు తేడా. మనం వెతికే తేడాలే ఆ స్థాయివి.

గట్టి ద్వారబంధం గానీ, సిమెంటు సజ్జ గానీ చూసుకోండి. పాత ఇళ్లలో టేకు ద్వారబంధాలైతే ఇంకా మంచిది. అంచు తిన్నగా ఉన్న రెండు చిన్న ఇనుప పట్టీ ముక్కల మధ్య దారం పెట్టి, సి-క్లాంపుతో ద్వారబంధానికి బిగించండి. దారం పట్టీల కింది అంచు నుంచి నేరుగా దిగాలి. ఆ అంచే మీ సున్నా గీత. కాలేజీ ల్యాబులో చీల్చిన బెండు ముక్కతో చేసేది ఇదే, కాకపోతే బెండు మెత్తన. ఇనుము కదలదు.

ఆధారం కదులుతుందేమో చూడటానికి ఒక చిట్కా ఉంది. సజ్జ మీద, క్లాంపు పక్కనే, నిండా నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెట్టి లోలకాన్ని ఊపండి. నీళ్లు వణికితే చోటు మార్చండి. ఆధారం గుండుతో పాటు ఊగితే లోలకం ఉన్న పొడవు కన్నా ఎక్కువ ఉన్నట్టు ప్రవర్తిస్తుంది, మీరు దారాన్ని నిందిస్తూ కూర్చుంటారు.

ఫ్యాను ఆపేయాలి, కిటికీలు మూసేయాలి. తీరానికి దగ్గర ఊళ్లలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి తెల్లవారుజామే మేలు. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోగలిగేది కూడా ఆ వేళలోనే.

గుండు, దారం

గుండు బరువుతో కాలానికి సంబంధం లేదని చెప్పుకున్నాం. అయినా బరువైన గుండే కావాలి. తేలికది గాలికి త్వరగా ఆగిపోతుంది. 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఇనుప గోళం అరకిలో తూగుతుంది, మన పనికి అది దివ్యంగా సరిపోతుంది. లేత్ పని చేసే షాపులో అడిగితే గోళం తిప్పి, పైన చిన్న రంధ్రం వేసి ఇస్తారు. తాపీ మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు కూడా పనికొస్తుంది గానీ దానితో చిక్కేమిటంటే, కింద మొన తేలి ఉంటుంది కాబట్టి బరువు కేంద్రం ఎక్కడుందో కంటితో తెలియదు. గోళమైతే సరిగ్గా నడిమధ్యే.

మేస్త్రీ గుండు తప్ప ఇంకేదీ దొరకని వాళ్లకు వేరే దారి ఉంది, కింద చెబుతాను.

దారం విషయంలో నూలు వద్దు. మన తీరపు తేమకు నూలుదారం పొద్దున ఒక పొడవు, మధ్యాహ్నం ఒక పొడవు. గేలాలకు వాడే ఒంటి పోగు నైలాన్ కూడా వద్దు, అరకిలో బరువుకు సాగుతూనే ఉంటుంది. చెప్పులు, బ్యాగులు కుట్టే పాలిస్టర్ దారం మంచిది. గేలం సామాన్లు అమ్మే కొట్లలో అల్లిక దారం దొరికితే అది ఇంకా మంచిది. ఏది కట్టినా గుండును రాత్రంతా వేలాడనిచ్చి, సాగేదంతా సాగాక పొద్దున కొలవండి.

పొడవు కొలవడం

పొడవంటే పట్టీల కింది అంచు నుంచి గుండు నడిమధ్య వరకు. దారం పొడవు కాదు. గుండు పైభాగం దాకా కొలిచి, దానికి గోళం వ్యాసార్ధం కలపండి. 5 సెంటీమీటర్ల గోళానికి 2.5 కలుస్తుంది.

టైలర్ టేపు ముట్టుకోవద్దు, అది సాగుతుంది. స్టీలు టేపు తీసుకోండి. దాని కొసనున్న చిన్న కొక్కెం కాస్త వదులుగా ఆడుతుంటుంది, గమనించారా? అది పాడైపోయి కాదు. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందాన్ని సర్దడానికి కావాలనే అలా చేస్తారు. మనకు మాత్రం అది గొడవే. అందుకే సున్నా నుంచి కాకుండా 10 సెంటీమీటర్ల గీతను పట్టీ అంచుకు ఆనించి, వచ్చిన దానిలోంచి 10 తీసేయండి. గుండు వేలాడుతుండగానే కొలవాలి.

ఇక్కడ ఒక సన్న సవరణ ఉంది. సూత్రం గుండును ఒక చుక్కగా అనుకుంటుంది, మన గుండుకేమో లావు ఉంది. దానివల్ల 5 సెంటీమీటర్ల గోళం పావు మిల్లీమీటరు ఎక్కువ పొడవున్నట్టు ఊగుతుంది. రోజుకు 11 సెకన్ల తేడా. మొదటిసారి చేసేటప్పుడు దీన్ని వదిలేసినా ఫరవాలేదు. అంకెలు నిలకడగా రావడం మొదలయ్యాక కలుపుకోండి.

ఊపి వదలడం

చేత్తో లాగి వదిలితే గుండు తిన్నగా ఊగదు. పక్కకు తోసుకుని కోడిగుడ్డు ఆకారంలో చుట్లు తిరుగుతుంది, లెక్క పాడవుతుంది. గుండు చుట్టూ ఒక నూలుపోగు కట్టి, పక్కనున్న కుర్చీకి లాగి కట్టేయండి. గుండు పూర్తిగా కదలకుండా నిలిచేదాకా ఆగి, అగ్గిపుల్లతో ఆ పోగు కాల్చండి. ఠపీమని తెగి గుండు ఒకే గీత మీద ఊగుతుంది. పిల్లలు దగ్గరుంటే ఆ పని మీరే చేయండి.

ఎంత లాగాలి? మధ్య నుంచి మూడున్నర సెంటీమీటర్లు చాలు. అది రెండు డిగ్రీలు. ఇందాక మెలిక అన్నది దీని గురించే. లోలకం చిన్న ఊపుకూ పెద్ద ఊపుకూ ఒకే కాలం తీసుకుంటుందన్న గెలీలియో మాట దాదాపుగానే నిజం. రెండు డిగ్రీల దగ్గర రోజుకు 7 సెకన్లలోపే వెనకబడుతుంది. ఐదు డిగ్రీలకు 41 సెకన్లు. పదికి రెండున్నర నిమిషాలు దాటుతుంది. చూడ్డానికి బాగుంటుందని బారెడు ఊపితే మాత్రం లెక్కలో కొడుతుంది.

లెక్కపెట్టడం

గుండు వెనక ఒక మార్కాపురం పలక నిలబెట్టి, గుండు ఆగి ఉన్నప్పుడు దారానికి సరిగ్గా వెనక సుద్దముక్కతో నిలువు గీత గీయండి. గుండు ఆ గీత దాటే క్షణాన్నే లెక్కకు తీసుకోవాలి. కొసల దగ్గర గుండు ఆగి తిరుగుతుంది కాబట్టి ఎప్పుడు తిరిగిందో కచ్చితంగా చెప్పలేం. మధ్యలో అది అన్నిటికన్నా వేగంగా పోతుంది, పొరపాటుకు చోటు తక్కువ.

ఫోను స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు "సున్నా" అనండి. "ఒకటి" అన్నారో, ఒక డోలనం గల్లంతు. గుండు ఎడమ నుంచి కుడికి గీత దాటిన ప్రతిసారీ ఒకటి చొప్పున 100 డోలనాలు లెక్కపెట్టండి. నోటితో వందదాకా ఏకబిగిన అనడం కన్నా, ఒకటి నుంచి పది వరకు అనుకుంటూ పదికొకసారి ఒక చింతపిక్క పక్కన పెట్టుకోవడం మేలు. నోటి లెక్క ఎనభైల్లోకి వచ్చాక ఎవరో ఒకరు పిలుస్తారు.

సరైన పొడవుకు 100 డోలనాలకు 200 సెకన్లు పట్టాలి. నిండు మీటరు కట్టిన లోలకానికి మన జిల్లాల్లో 200.9 దాకా వస్తుంది. వేలితో నొక్కడంలో అటూ ఇటూ 0.2 సెకన్ల ఆలస్యం ఉందనుకున్నా, మీటరు తప్పని ఒక్క లెక్కతోనే తేలిపోతుంది. 99.4 తప్పని చెప్పడం మాత్రం ఇంత తేలిక కాదు. దానికీ 99.13కీ తేడా ఈ 200 సెకన్లలో పావు సెకనే. మీ వేలి ఆలస్యం కూడా అంతే.

పొడవు సరిచేయడానికి: మీ దగ్గరున్న పొడవును (200 ÷ మీకు వచ్చిన సెకన్లు) వర్గంతో గుణించండి. ఉదాహరణకు 99.7 సెంటీమీటర్ల లోలకానికి 200.6 సెకన్లు వచ్చాయనుకోండి. 200ని 200.6తో భాగిస్తే 0.9970, దాని వర్గం 0.9940. గుణిస్తే 99.10. అసలు విలువకు 0.03 తక్కువ వచ్చింది, అది వేలిది.

మేస్త్రీ గుండు వాళ్ల సంగతి. బరువు కేంద్రం తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఒకసారి పొడుగు దారంతో 100 డోలనాల కాలం తీయండి. తర్వాత గుండును, ముడిని అలాగే ఉంచి, పైన క్లాంపు దగ్గర దారం సరిగ్గా 50 సెంటీమీటర్లు పైకి లాగి బిగించి మళ్లీ తీయండి. ఒక్కో డోలనం కాలాన్ని వర్గం చేసి, ఆ రెండిటి తేడా చూడండి. 4ను 50తో గుణించి ఆ తేడాతో భాగిస్తే సెకండ్ల లోలకం పొడవు వచ్చేస్తుంది. నెల్లూరులో ఆ తేడా 2.018కి దగ్గర్లో ఉండాలి. గుండు బరువు కేంద్రం ఎక్కడున్నా లెక్కలోంచి తప్పుకుంటుంది.

వేలి ఆలస్యం లేని పద్ధతి

నాకు ఈ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. పాతకాలం సర్వేవాళ్లు, ఖగోళ శాస్త్రజ్ఞులు లోలకాన్ని గడియారంతో పోల్చడానికి వాడిన ఉపాయం. ఇందులో స్టాప్‌వాచ్‌ని సరిగ్గా నొక్కాల్సిన అవసరమే ఉండదు.

ఫోనులో మెట్రోనోమ్ యాప్ వేసుకుని నిమిషానికి 60 దెబ్బలకు పెట్టండి. సంగీతం నేర్చుకునేవాళ్లు తాళానికి వాడేదే. సెకనుకొకసారి టక్కుమంటుంది. ఇప్పుడు లోలకం పొడవును, కావాలనే, నిండు 100 సెంటీమీటర్లకు పెట్టండి. అవును, తప్పని మనం చెప్పుకున్న ఆ మీటరే.

మొదట్లో గుండు గీత దాటడం, టక్కు చప్పుడు వేర్వేరుగా ఉంటాయి. లోలకం కాస్త నిదానం కాబట్టి ప్రతి ఊపుకూ కొంచెం కొంచెం వెనకబడుతూ, కాసేపటికి రెండూ ఒకటైపోతాయి. గుండు గీత మీద ఉన్న క్షణానే టక్కుమంటుంది. ఆ సమయం రాసుకోండి. తర్వాత మళ్లీ విడిపోతాయి. టక్కు వినిపించేసరికి గుండు ఇంకా గీతకు ఇవతలే ఉంటుంది, ఆ ఎడం పెరుగుతూ పోయి, గుండు కొసన ఉండగా టక్కు పడే స్థితి వస్తుంది. ఆ తర్వాత ఎడం తగ్గి తగ్గి మళ్లీ కలుస్తాయి. ఆ రెండో సమయం రాసుకోండి.

రెండు కలయికల మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూడండి. ఆ లోపు లోలకం సరిగ్గా ఒక ఊపు తక్కువ ఊగి ఉంటుంది. నెల్లూరులో మీటరు లోలకానికి 229 సెకన్లకు దగ్గర్లో వస్తుంది, అంటే 3 నిమిషాల 49 సెకన్లు. 229 సెకన్లలో 228 ఊపులన్నమాట. 228ని 229తో భాగించి, వర్గం చేసి, 100తో గుణించండి. 99.13.

దీని బలమెక్కడుందంటే, కలయిక ఏ క్షణాన జరిగిందో చెప్పడంలో మీరు ఐదు సెకన్లు పొరబడినా, జవాబు 99.11 నుంచి 99.15 లోపలే ఉంటుంది. స్టాప్‌వాచ్ పద్ధతిలో 0.2 సెకన్ల ఆలస్యం 2 మిల్లీమీటర్ల తప్పు తెచ్చిపెట్టగలదు. ఇక్కడ ఐదు సెకన్ల పొరపాటు కూడా 0.2 మిల్లీమీటర్లతో సరి. అరకిలో గుండు పది నిమిషాలకు పైనే చూడదగినంతగా ఊగుతుంది కాబట్టి వరసగా మూడు కలయికలు పట్టుకుని సగటు తీయండి. బ్లూటూత్ స్పీకరు వాడినా దోషం లేదు, దాని ఆలస్యం ప్రతి దెబ్బకూ ఒకేలా ఉంటుంది.

సరైన పొడవుకు దగ్గరయ్యేకొద్దీ కలయికలు దూరమవుతాయి. మిల్లీమీటరు తేడా ఉంటే అరగంటకు పైగా ఆగాలి, అప్పటికి లోలకం నీరసించిపోతుంది. మీటరుతో మొదలుపెట్టమన్నది అందుకే.

ఇంత కచ్చితంగా చేశాక ఊపు వెడల్పు, గుండు లావు, గాలి గుండును కొద్దిగా పైకి తేల్చడం, అన్నీ పదో వంతు మిల్లీమీటర్లలో బయటపడతాయి. ఇదివరకు ప్రపంచం మొత్తానికీ పొడవుకు కొలమానంగా సెకండ్ల లోలకాన్నే పెట్టుకుందామని గట్టిగా అనుకున్నారు. 1790లో ఫ్రాన్సులో తాలీరాన్ అనే రాజకీయ నాయకుడు ప్రతిపాదించాడు కూడా. మరుసటి ఏడు దాన్ని పక్కనపెట్టి భూమి చుట్టుకొలత మీద మీటరును కట్టారు. బ్రిటన్ 1824 చట్టంలో, గజం కడ్డీ పోతే లోలకంతో మళ్లీ తయారు చేసుకోవచ్చని రాసుకుంది. 1834లో పార్లమెంటు తగలబడి ఆ కడ్డీ నిజంగానే పాడైపోయింది. తీరా చూస్తే లోలకం లెక్కలో సవరణలు అంత నమ్మదగ్గవి కావని తేలి, మిగిలిన నకలు కడ్డీలను ఆధారం చేసుకున్నారు.

లోలకం గడియారం కావాలంటే

మీరు కట్టింది సెకన్లు చెబుతుంది గానీ గడియారం కాదు. ఊపు చచ్చిపోతుంది, ఎన్ని ఊపులయ్యాయో లెక్క కూడా ఉండదు. ఆ రెండు పనులూ చేసే పళ్లచక్రం, దాన్ని ఆపి ఆపి వదిలే కొంకి కలిస్తేనే గడియారం. ప్రతి ఊపుకూ ఒక పన్ను వదిలి, ఆ వదలడంలోనే గుండుకు చిన్న తోపు ఇస్తుంది. 1656లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు లోలకాన్ని గడియారానికి తగిలించేదాకా గడియారాలు రోజుకు పావుగంట తేడా చూపడం మామూలే. ఆ తర్వాత తేడా సెకన్లలోకి దిగింది. బ్రిటిషువాళ్ల రోజుల్లో మద్రాసు అబ్జర్వేటరీ లోలకం గడియారాలే మన మద్రాసు రాష్ట్రానికి టైము. మద్రాసు టైము గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి ఐదున్నర గంటల భారత ప్రామాణిక కాలం వచ్చింది.

మీ ఇంట్లో తాతగారి నాటి గంటలు కొట్టే గోడ గడియారం ఉంటే, పైన నేర్చుకున్నదంతా దాని మీద పనికొస్తుంది. ముందు అది నిజంగా లోలకం గడియారమో కాదో చూసుకోండి. బ్యాటరీతో నడిచే వాటిలో చాలావాటికి లోలకం అందానికే. చేత్తో ఆపినా ముల్లు నడుస్తూనే ఉంటే అది అలంకారం, దాన్ని దిద్దాల్సిందేమీ లేదు.

కీ ఇచ్చే గడియారమైతే మొదట చప్పుడు వినండి. టిక్కుకూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే పెట్టె వంకరగా వేలాడుతోందన్నమాట. పెట్టె అడుగు భాగాన్ని ఎడమకో కుడికో వెంట్రుకవాసి జరుపుతూ, చప్పుడు సమమైన చోట ఆపండి. ఆగిపోతోందని రిపేరుకు తీసుకెళ్లే గడియారాల్లో కొన్నిటికి ఇదే మందు.

తర్వాత వేగం. గుండు కింద చిన్న మర ఉంటుంది. పైకి తిప్పితే గుండు లేచి గడియారం ముందుకు పోతుంది, కిందికి తిప్పితే వెనకబడుతుంది. అర సెకను లోలకంలో ఒక్క మిల్లీమీటరు అంటే రోజుకు దాదాపు మూడు నిమిషాలు, కాబట్టి ఒకేసారి చుట్లు చుట్లు తిప్పేయకండి. ఇంగ్లండులో సరిచేసి పంపిన గడియారం ఇక్కడికొచ్చి వేలాడితే, ఏ లోపమూ లేకుండానే రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది. అది భూమి లాగుడు తేడా.

ఎండల సంగతీ చూసుకోవాలి. లోలకం కడ్డీ ఇనుపదైతే పది డిగ్రీల వేడికి రోజుకు 5 సెకన్లు, ఇత్తడిదైతే 8 సెకన్లు వెనకబడుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మన దగ్గర ఇరవై డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది. దీన్ని జయించడానికే 1720లలో ఇంగ్లండు గడియారాల పనివాళ్లలో గ్రాహం పాదరసం సీసాను గుండుగా పెట్టాడు, హారిసన్ ఇనుము, ఇత్తడి కడ్డీలను జాలీలా కలిపాడు. 1896లో గియోమ్ కనిపెట్టిన ఇన్వార్ అనే మిశ్రలోహం వేడికి దాదాపు సాగదు. ఇంటి గడియారానికి అంత దూరం పోనక్కర్లేదు, వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి మర తిప్పుకుంటే చాలు.

ఫోనుతో సరిపోల్చడానికి వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. స్ప్రింగు గడియారాల్లో చాలావరకు కీ ఇచ్చిన కొత్తలో ఒక తీరుగా, వారం చివర ఇంకో తీరుగా నడుస్తాయి. సోమవారం చూసి ఒకసారి, శుక్రవారం చూసి ఒకసారి మర తిప్పితే ఎప్పటికీ కుదురుకోదు.

ఫోను కూడా వద్దనుకుంటే నక్షత్రం ఉంది. అబ్జర్వేటరీల్లో గడియారాలను సరిచేసింది దానితోనే. కిటికీ ఊచకు కన్ను ఆనించి, ఎదురింటి వాటర్ ట్యాంకు అంచు వెనక ఒక నక్షత్రం మాయమయ్యే వేళను మీ గోడ గడియారంలో చూసి రాసుకోండి. గ్రహం కాకూడదు, చెట్టుకొమ్మ అంచుగా పనికిరాదు. మర్నాడు అదే ఊచ, అదే చోటు. నక్షత్రం రోజూ 3 నిమిషాల 56 సెకన్లు ముందే వస్తుంది. నిన్న 9 గంటల 10 నిమిషాలకు మాయమైతే ఇవాళ 9 గంటల 6 నిమిషాల 4 సెకన్లకు మాయమవ్వాలి. మీ గడియారం 9 గంటల 5 నిమిషాల 34 సెకన్లు చూపిస్తుంటే అది రోజుకు 30 సెకన్లు వెనకబడుతోంది. మరను కొద్దిగా పైకి తిప్పి, ఎంత తిప్పారో రాసుకుని, రేపు రాత్రి మళ్లీ చూడండి. రెండు మూడు రోజుల్లో మీ గడియారం మర ఒక చుట్టుకు ఎన్ని సెకన్లో తెలిసిపోతుంది.